జకరయ్య వాంటన్లు, లూదియా కీమా

మిలిట్రీ జకరయ్య పట్టాళంలో ఉన్నన్నాళ్లూ తుపాకి పట్టింది తక్కువ, గరిటె పట్టింది ఎక్కువ. ఈ సంగతి ఆళ్లగడ్డలో చాలామందికి తెలియదు. ఆయన తెలియనివ్వలేదు కూడా. సెలవు మీద ఊరికొచ్చినప్పుడల్లా టీ బంకు దగ్గర ఎవరో ఒకరు "ఎంతమందిని కాల్చినావన్నా?" అని అడిగేవాళ్లు. "లెక్క పెట్టలేదప్పా" అంటూ మీసం దువ్వుకునేవాడు. అబద్ధమేమీ కాదు. ఆయన కాల్చినవి రొట్టెలు, వాటికి లెక్కెవరు పెడతారు!

అట్లాంటి మనిషి 1998 మొదట్లో పింఛను తీసుకుని, తెల్లరంగుతో పేరు రాసిన నల్ల ట్రంకుపెట్టెతో ఇల్లు చేరాడు. వయసు నలభై దాటింది. చేతిలో ఉన్న విద్య ఒక్కటే, వంట. అదేమన్నా అల్లాటప్పా వంటా! తమిళ జవాన్లకు సాంబారు, పంజాబీలకు పరాఠాలు, ఆఫీసర్ల పార్టీలకు కట్లెట్లు, ఏది అడిగితే అది. వీటన్నిటినీ మించి, షిల్లాంగులో పనిచేసినప్పుడు అక్కడి బజారులో చిన్న హోటలు నడిపే ఒక చైనా ముసలమ్మ దగ్గర వాంటన్లు నేర్చుకున్నాడు. ఆమె ఊరికే నేర్పలేదు. సెలవు దొరికిన ప్రతి పూటా వెళ్లి, ఒక చలికాలమంతా ఆమెకు వెల్లుల్లి పొట్టు తీసిపెట్టాడు. అప్పటికి గానీ ఆ అవ్వ మనసు కరిగి "రా, కూర్చో" అనలేదు.

వాంటన్ అంటే మరేం లేదు. అరచేతి మీద పరిస్తే గీతలు కనబడేంత పల్చగా మైదా వత్తి, అందులో చిటికెడు మాంసం ముద్ద పెట్టి, చెంగు మడిచినట్టు మడిచి, మరిగే నీళ్లలో వేసి తీసేది. ఎముకలు మరిగించి తీసిన వేడివేడి బొక్కల రసంలో తేలేసి ఇస్తే నోట్లో వెన్నలా జారిపోతుంది. ఆఫీసర్లు వాటి కోసం పేకాట మధ్యలో వదిలేసి లేచి వచ్చేవాళ్లు. ఇదంతా జకరయ్య మురిసిపోతూ చెప్పుకునే మాట, పోనిద్దురూ, కొంచెం ఎక్కువ చేసి చెప్పినా నష్టం లేదు.

ఇంటికైతే వచ్చాడు గానీ, ఇంట్లో తన పనేమిటో ఆయనకే అర్థం కాలేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఏడాదికి రెండు నెలల సెలవు మనిషే ఆయన. ఆ రెండు నెలలూ భార్య లూదియా ఆయన్ని చుట్టంలా చూసుకునేది. చాప పరిచేది, పెద్ద స్టీలు పళ్లెం తీసేది, "ఇంగ రోంత ఏసుకో, రోంత ఏసుకో" అని బతిమాలేది. చుట్టం వెళ్లిపోతాడు కాబట్టి అప్పుడది బాగానే ఉంది. ఇప్పుడు చుట్టం వెళ్లడం లేదు. అయినా చాప పరుస్తూనే ఉంది, బతిమాలుతూనే ఉంది. ఆయన తిని లేచాక లూదియా, ఆమె తల్లి శాంతమ్మ ఇద్దరూ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని, ఒకే గిన్నెలో చేతులు పెట్టి, వీధిలోవాళ్ల సంగతులన్నీ చెప్పుకుని విరగబడి నవ్వుతూ తినేవాళ్లు. ఆ నవ్వులు బయట కూర్చుని వినడం జకరయ్యకు పెద్ద శిక్ష అయిపోయింది.

ఒకరోజు ఆమె కంటే ముందే లేచి టీ పెట్టాడు. లూదియా గ్లాసు అందుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏందీ, నా చేతి టీ బాగలేదా?" అంది.

"అదిగాదు, నువ్వు లేసే లోపల..."

"బాగలేకపోతే బాగలేదని చెప్పు. ఇట్ల చేసి చూపియ్యాల్నా?"

ఇంకోరోజు వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటే ఎదురింటి సరస్వతమ్మ చూసింది. ఆమె చూసిందంటే వీధి వీధంతా చూసినట్టే. పొద్దు గూకేలోపు "లూదియా మొగుడి చేత బియ్యం చెరిగిస్తాందంట" అన్న మాట చర్చి గేటు దాకా పోయి తిరిగొచ్చింది. లూదియా ఆ చేట తీసుకెళ్లి అటక మీద పడేసింది.

ఇంతా చెప్పి లూదియా గయ్యాళి అనుకునేరు. కాదు కాదు. మొగుడు దేశం ఆ చివర ఉంటే రెండెకరాల చేను చూసుకున్నది ఆమె, బర్రెను మేపింది ఆమె, కూతురు షాలినిని నంద్యాల హాస్టల్లో పెట్టి ఇంటర్ చదివిస్తున్నది ఆమె. బయట ప్రతివాడూ సలహా చెప్పేవాడే. తన వంటింట్లో మాత్రం ఎవడూ నోరెత్తడానికి లేదు. క్రిస్మస్‌కి ఆమె చేసే కర్జికాయల కోసం పాస్టరు గారి ఇంటినుంచే ముందుగా కబురొస్తుంది. అంత పేరున్న చెయ్యి. ఆ పొయ్యి దగ్గరికి ఇప్పుడు ఒక మగమనిషి మీసం దువ్వుకుంటూ వచ్చి నిలబడితే ఆమెకు మాత్రం ఒళ్లు మండదా?

ఇట్లా రోజులు నడుస్తుండగా, పట్టాళంలో పనిచేసి వచ్చిన ఒక మేజరు దగ్గర్నుంచి జకరయ్యకు కబురొచ్చింది. సికింద్రాబాదులో హోటలు పెట్టాడట. జకరయ్య వస్తే వంటిల్లంతా ఆయనకే అప్పగిస్తాడట. వచ్చే సోమవారం సాయంత్రం హైదరాబాదు బస్సు ఎక్కి రమ్మన్నాడు.

జకరయ్య ఆ మాట లూదియాకు చెప్పి, ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కందిపప్పులో రాళ్లు ఏరుతోంది.

"నీ ఇష్టం" అంది.

నీ ఇష్టం! దానికి అర్థమేంటి? పొమ్మనా, ఉండమనా? ఇంతకాలం దూరంగా బతికినవాడు మళ్లీ మూటాముల్లె సర్దుకుని పోతానంటే ఇంటి ఆడది అనాల్సిన మాట ఇదేనా?

"అయితే సోమవారం పోతా" అన్నాడు కొంచెం గట్టిగా.

"సరే."

'పోవద్దు' అని ఒక్క మాట అంటే చాలు, ఆగిపోవడానికి జకరయ్య సిద్ధంగా ఉన్నాడు. ఆ మాట ఆమె అనలేదు. అనమని అడగడానికి ఆయనకు నామోషీ. అట్లా ఇద్దరూ మూతి బిగించుకుని కూర్చున్నారు.

సరిగ్గా ఆ వారమే శనివారం నాడు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పట్టాళం నుంచి మనిషి క్షేమంగా తిరిగొస్తే ఇంట్లో ప్రార్థన పెట్టించి, వచ్చినవాళ్లకు భోజనం పెడతానని లూదియా ఎప్పుడో మొక్కుకుంది. బగారా అన్నం, మటన్ కూర వండాలని తల్లీకూతుళ్లు నిర్ణయించారు. జకరయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాది కూడా ఒకటి పెడదాం. వాంటన్లు. ఎట్లా పోతాండా గదా, ఒక్కసారి చెయ్యనీ."

లూదియా పొయ్యి వైపు చూసింది. "ఒకటే. అది కూడా నేను పొయ్యి ఖాళీ చేసినప్పుడే" అంది.

జకరయ్యకు అదే పదివేలు. పోయేలోపల తన చేతి వంట ఈ ఇంట్లో వాళ్లు తినాలి, తిని బాగుందనాలి. అప్పుడైనా ఆ ఒక్క మాట ఆమె నోట్లోంచి ఊడిపడుతుందేమోనని ఆయన ఆశ.

శుక్రవారం నంద్యాలకు పోయాడు. ఉల్లికాడలు, మంచి మైదా కొని, సోయా సాస్ కోసం ఊరంతా తిరిగాడు. అడిగిన ప్రతి కొట్టువాడూ "అదేందన్నా, దగ్గు మందా?" అన్నాడు. చివరికి ఒక బేకరీలో దుమ్ము పట్టిన సీసా దొరికింది. హాస్టల్ నుంచి షాలినిని కూడా తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

"నాయనా, సోమవారం నిజంగా పోతావా?" అంది షాలిని.

"పిలిచినారు గదా."

"అమ్మ ఏమన్నాది?"

"నీ ఇష్టం అన్నాది."

షాలిని కిటికీ వైపు తిరిగింది. "అమ్మకు ఇష్టం లేనివన్నీ అట్లనే అంటాది నాయనా" అంది. ఆ మాట పట్టుకుని జకరయ్య దారి పొడుగునా ఆలోచించాడు. ఇష్టం లేనిది తను పోవడమా, ఉండడమా? ఎటూ తేల్చుకోలేకపోయాడు.

శనివారం తెల్లవారగానే కసాయి దుకాణం ముందు నిలబడ్డాడు. తొడ మాంసం, కొంచెం కొవ్వు తగిలేలా కోయించుకున్నాడు, రసానికి బొక్కలు కూడా అడిగి తీసుకున్నాడు. "కీమా కొట్టియ్యాల్నా?" అంటే వద్దన్నాడు. ఇంటికొచ్చి పెరట్లో చెక్క పీట వేసుకుని, రెండు చేతులా రెండు కత్తులు పట్టుకుని మొదలుపెట్టాడు. ఆ టకటకకు పక్కింట్లో విగ్రహాలు చెక్కే గురవయ్య ఉలి ఆపి గోడ మీదుగా తొంగి చూశాడు.

"ఏం చెక్కుతాండావన్నా?"

"నువ్వు సాయంత్రం రా, నీకే తెలుస్తాది."

ముద్దలా అయిన మాంసంలో అల్లం, మిరియాల పొడి, ఉల్లికాడలు, ఉప్పు, కాసింత సోయా సాస్, కొన్ని నీళ్లు వేసి చేత్తో కలపడం మొదలెట్టాడు. ఒకే వైపు తిప్పాలి, ఎదురు తిప్పకూడదని షిల్లాంగు అవ్వ చెప్పింది. అట్లా తిప్పగా తిప్పగా మాంసం జిగురొచ్చి చేతికి అంటుకుంటుంది. అప్పుడే ఉడికేటప్పుడు విడిపోకుండా, తన రసం తనలోనే దాచుకుంటుంది. కిటుకంతా మాంసం పచ్చిగా ఉండడంలోనే ఉంది. ఆ సంగతి జకరయ్యకు ఎంత మామూలైపోయిందంటే, ఇంట్లోవాళ్లకు చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు.

మైదా వత్తి చదరంగా కోసుకున్నాడు. బాగా వచ్చిందో లేదో చూడ్డానికి కొన్ని మడిచి, తడిగుడ్డ కప్పి గూట్లో పెట్టాడు. మాంసం గిన్నె మీద మూత పెట్టాడు. చర్చి నుంచి బల్లలు తేవాలి కాబట్టి షాలినిని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

బల్ల నెత్తిన పెట్టుకుని తిరిగొస్తుంటే వీధి మొదట్లోనే ఘుమఘుమలు తగిలాయి. ధనియాల పొడి, చెక్కా లవంగం, ఎర్రగా వేగిన ఉల్లిపాయ. జకరయ్య ఆగి గట్టిగా వాసన పీల్చాడు. "ఎవురింట్లోనో గానీ కీమా భలే వేయించినారు షాలినీ! చెయ్యి తిరిగిన మనిషి" అని మెచ్చుకున్నాడు. ఇల్లు దగ్గరయ్యే కొద్దీ వాసన ఎక్కువైంది. ఆయన నడక కూడా ఎక్కువైంది. బల్ల వాకిట్లో దించి వంటింట్లోకి పోయేసరికి లూదియా బాణలి దించుతూ కనిపించింది. పక్కన ఆయన మాంసం గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"రోంత రుచి చూడు" అంది లూదియా. ఆమె మొహంలో ఎన్నడూ లేని సంతోషం. "మాంసం పచ్చిదే మూత పెట్టి పోయినావు. బల్లల పనిలో పడి మరిచిపోయినావేమోనని నేనే వేయించినా. నలుగురొచ్చేటప్పటికి నీ వంట ఆగిపోకూడదు గదా."

ఆయన పరువు కాపాడాననుకుంటోంది పాపం. జకరయ్య బోర్లించిన గిన్నె వైపొకసారి, బాణలి వైపొకసారి చూశాడు.

"నేను మరిచిపోలేదే. అది పచ్చిగానే పెట్టల్ల."

"పచ్చిగానా!" శాంతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"పచ్చి మాంసం పిండిలో చుట్టి పాస్టరయ్యకు పెడతావా?" లూదియా బాణలి కింద పెట్టేసింది. "ఆయప్ప మనింట్లో ప్రార్థన చేసి, ఇంటికి పోయి మంచం ఎక్కల్నా?"

"మరిగే నీళ్లలో ఉడుకుతాది గదా!"

"ఎంతసేపు ఉడకబెడతావ్?"

"నాలుగైదు నిమిషాలు."

లూదియా తల్లి వైపు తిరిగింది. "విన్యావామా? పొట్టేలు మాంసం నాలుగు నిమిషాలకు ఉడుకుతాదంట! మనమేమో ఇన్నేండ్లూ గంటలు గంటలు కట్టెలు తగలబెట్టినాం."

"అది ముక్కలే. ఇది మెత్తగా కొట్టింది. కొట్టినందుకు నా రెక్కలు పడిపోయినాయి!" జకరయ్యకు కోపం నషాళానికెక్కింది. "పట్టాళమంతా నా చేతి కూడు తినింది. ఏ ఒక్కడూ మంచం ఎక్కలేదు. నా ఇంట్లో నేను ఒక గిన్నె పెట్టుకుంటే, దానికి కూడా దిక్కు లేదు. సోమవారం పోతాలే. ఆడ నా గిన్నె ఎవురూ ముట్టుకోరు."

లూదియా మొహం చిన్నబోయింది. పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. జకరయ్య బయటికొచ్చి తను మోసుకొచ్చిన బల్ల మీదే కూలబడ్డాడు. ఆయన బాధ మాంసం గురించి కాదు. ఈ ఇంట్లో తనకు ఏ పనీ, ఏ చోటూ లేదు, ఇక రాదు కూడా అనిపించింది. అదీ ఆయన బాధ.

అంతలో లోపల్నుంచి శాంతమ్మ కేక. "అల్లుడా! ఈ గూట్లో తడిగుడ్డ కింద ఏందో మడిచి పెట్టినావే! ఇవి కూడా పచ్చివేనా?"

జకరయ్య దిగ్గున లేచాడు. పొద్దున మడిచి చూసుకున్నవి! వాటి సంగతే మరిచిపోయాడు. గబగబా లోపలికి పోయి, ఎవర్నీ అడక్కుండా మరుగుతున్న నీళ్ల గిన్నె ముందుకు లాక్కుని అందులో వదిలాడు. లూదియా చేతులు కట్టుకుని పక్కనే నిలబడింది. అవి మునిగి, తిరిగి పైకి తేలాయి. మైదా అద్దంలా మారి లోపలి మాంసం కనిపించింది. గిన్నెలోకి తీసి, మిరియాలు వేసి పొద్దున్నుంచీ మరిగించిన బొక్కల రసం పోశాడు. నోట్లో పెట్టుకోబోతుంటే లూదియా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఉడికిందో లేదో ముందు నేను చూస్తా."

"ఏంటికి? నేను తింటా గదా."

"నీకేమన్నా అయితే మళ్లీ నేనే గదా చూసుకోవల్ల. ఇట్లియ్యి."

స్పూను లాక్కుని అందులోని వాంటన్ కొరికింది. లోపలున్న వేడి రసం చటుక్కున నోరంతా నిండి, గడ్డం మీదికి కూడా కారింది. చెంగుతో తుడుచుకోవడం కూడా మరిచిపోయి అట్లాగే నమిలింది. జకరయ్య, షాలిని, శాంతమ్మ ముగ్గురూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"ఈ రసం యాడిది?" అంది చివరికి.

"మాంసానిదే. బయటికి పోను దోవ లేక లోపలే ఉండిపోయింది."

లూదియా ఇంకొకటి తీసుకుంది. దాన్ని మెల్లగా తింది. ఆమె నాలుకకు అబద్ధం చెప్పడం రాదు, అంత గొప్ప వంటమనిషి మరి.

"నాకొకటి పెట్టవే" అంది శాంతమ్మ. "నేను ముసల్దాన్ని. పోయినా పెద్ద నష్టం లేదు."

"ఉడికిందిమా. శుద్ధంగా ఉడికింది." లూదియా స్పూను కింద పెట్టి మొగుడి వైపు తిరిగింది. "తప్పు నాదే. అడక్కుండా ముట్టుకున్యా. ఇంత బాగా చేస్తావని నాకేం తెలుసు? నువ్వు వండగా నేనెప్పుడన్నా చూసినానా?"

ఆ మాటతో జకరయ్య కోపమంతా నీరుగారిపోయింది. నిజమే కదా, ఆమె ఎక్కడ చూసింది? పెళ్లి చేసుకున్న మనిషి ఏం పని చేస్తాడో కళ్లారా చూడకుండానే ఆమె సగం జీవితం గడిచిపోయింది.

"ఇప్పుడేం చేద్దాం?" అంది లూదియా.

ఇంటికొచ్చాక వంటింట్లో ఆమె ఆయన్ని ఒక మాట అడగడం అదే మొదటిసారి. జకరయ్యకు మళ్లీ మెస్సులో నిలబడ్డట్టు నడుం నిటారైంది.

"వేయించింది పొడిపొడిగా ఉండాది. నీళ్లలో వేస్తే పగిలిపోతాయి. గుడ్లు ఉండాయా? ఉర్లగడ్డలు? రెండూ కలిపి ముద్ద చేద్దాం. ఉడకబెట్టొద్దు, నూనెలో వేయిద్దాం."

"నూనెలో అయితే నువ్వు మడిచేది పనికిరాదు. కొసలు ఊడొస్తాయి" అంది లూదియా. "కర్జికాయకు మెలేసినట్లు అంచు మెలెయ్యల్ల. జరుగు, నేనేస్తా."

"మెలేస్తే అంచు మందమైతాది. పిండిపిండిగా తగుల్తాది."

"నా మెలిక తిన్యావా ఎప్పుడన్నా? తిని మాట్లాడు."

షాలిని పకపకా నవ్వింది. ఇద్దరూ ఒకే పీట ముందు కూర్చున్నారు. ఆయన ముద్ద పెట్టి ఇస్తే ఆమె అంచు మెలేసేది. ఆమె వేలి చివర్లు చకచకా కదులుతుంటే ఆ అంచు జడ అల్లినట్టు వచ్చేది. నిజంగానే సన్నగా ఉంది, ఎక్కడా ఊడలేదు. జకరయ్య నోరు మూసుకుని ఆ మెలిక నేర్చుకున్నాడు. మధ్యలో ఎవరో చెప్పులు పోగొట్టుకున్న కథ ఒకటి శాంతమ్మ చెబితే, నలుగురూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వుతూనే జకరయ్యకు సోమవారం గుర్తొచ్చింది. ఇంత అయ్యాక కూడా లూదియా ఆ మాట ఎత్తలేదు. తను ఎట్లా ఎత్తుతాడు? కోపంలో పోతానని ఇందాకే గట్టిగా అరిచి ఉన్నాడాయె.

పొద్దు వాలేసరికి జనం వచ్చారు. పాస్టరు యోబు గారు వచ్చారు. సరస్వతమ్మ ముందు వరసలో కూర్చుంది. గోడ దూకినంత పని చేసి గురవయ్య కూడా వచ్చాడు. పాట పాడారు, వాక్యం చదివారు. వేడివేడిగా పెట్టాలి కాబట్టి వేయించేది మాత్రం ఆఖర్న అనుకున్నారు.

ప్రార్థనకు ముందు ఎవరి మనవులు వాళ్లు పైకి చెప్పుకోవడం కూడికల్లో అలవాటు. అందరూ విని, అందరి కోసమూ ప్రార్థిస్తారు. ఒకామె కొడుకు పరీక్షల గురించి చెప్పింది. ఒకాయన బోరులో నీళ్లు పడాలన్నాడు. గురవయ్య మొహమాటపడుతూ లేచి, "అయ్యా, పొద్దస్తమానం దేవుండ్లను చెక్కి చెక్కి ఈ భుజం పట్టుకుపోయింది. మీ దేవునికి కూడా రోంత చెప్పండి" అన్నాడు. యోబు గారు నవ్వి, తప్పకుండా చెబుతానన్నారు.

"మన జకరయ్య సోమవారం సికింద్రాబాదు పోతాండాడని విన్నా" అన్నారు ఆయన. "ఆయన ప్రయాణం గురించి కూడా ప్రార్థన చేద్దాం. అందరూ కండ్లు మూసుకోండి."

"వద్దయ్యా."

అందరూ వెనక్కి తిరిగారు. వంటింటి గుమ్మంలో లూదియా నిలబడి ఉంది. చెంప మీద మైదా, మోచేతుల దాకా పిండి.

"నాదీ ఒక మనవి ఉండాది. ఆయన పోకుండా ప్రార్థన చేయండి."

సరస్వతమ్మ నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. జకరయ్యకు తను విన్నది నిజమేనా అనిపించింది. యోబు గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"లూదియమ్మా, దేవుణ్ణి అడుగుదాంలే. ముందు ఆయప్పను అడిగినావా?"

"లేదయ్యా."

"ఎదురుగానే కూర్చోనుండాడు గదమ్మా. అడుగు."

లూదియా చేతుల పిండి చెంగుకు తుడుచుకుంది. ముందు సరస్వతమ్మ వైపు చూసింది. "నువ్వు కూడా బాగా ఇను అక్కా, మళ్లీ ఎవురన్నా అడిగితే చెప్పాల గదా" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇదో, పోవద్దు. ఇన్నేండ్లు ఊరూరోళ్లకు వండిపెట్టినావు. నేనేమో నా చేతి కూడు నేనే తిని తిని యాష్టకొచ్చినా. ఒంట్లో బాగలేని నాడు కూడా నేనే లేసి వండుకున్యా. నువ్వు ఆడ ఎవురికో పెడతాంటావు, ఈడ అమ్మ తోడున్నా నేను ఒక్కదాన్నే అన్నట్టు పొయ్యి ముందర కూర్చోనుంటి. ఇంగ నావల్ల కాదు. ఈడనే ఉండి నాకు వండిపెట్టు."

షాలిని లేచి వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుంది. జకరయ్య లేచి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోబోతే చేతికి ఇంకా అంటుకునే ఉన్న పిండి మీసానికంతా అంటుకుంది.

"పోను" అన్నాడు. చిన్నగా అన్నానేమోనని భయం వేసి మళ్లీ అన్నాడు. "యాడికీ పోను లూదియా. ఈ మాట కోసరమే చూస్తాంటి."

"మరి నోరు తెరిచి అడగకూడదా?"

"నువ్వు చెప్పకూడదా?"

యోబు గారు ఇద్దర్నీ చూసి, నవ్వాపుకుంటూ ప్రార్థనకు కళ్లు మూసుకోబోయారు. అడగాల్సిన మనవి అప్పటికే తీరిపోయింది కాబట్టి, ఆయన మొదలుపెట్టకముందే శాంతమ్మ గట్టిగా "ఆమెన్" అనేసింది.